ఈమెయిల్ గ్రూపులో చేరేముందు, చేరాక: మన వివరాలు బయటపడకుండా ఏం చేయాలి

మా అన్నకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన ఏడాది నేను ఒక ఈమెయిల్ గ్రూపులో చేరాను. ఆ జబ్బు ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఒకరికొకరు రాసుకునే గ్రూపు అది. హనుమకొండలో మాకు ఎవరూ విడమరిచి చెప్పని సంగతులు అక్కడ తెలిశాయి. రోజుకు తాగే నీళ్ల లెక్క ఎలా పెట్టుకోవాలి, పొటాషియం ఎక్కువుండే కూరగాయలు, పండ్ల గురించి డాక్టర్‌ని ఏం అడగాలి, ఫిస్టులా చేసిన (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన) చేతికి బీపీ ఎందుకు చూడనివ్వకూడదు, ఇలాంటివన్నీ. ఆ గ్రూపు లేకపోతే మొదటి ఆరు నెలలు మేం చాలా గోస పడేవాళ్లం. కాబట్టి గ్రూపుల్లో చేరొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు.

చేరిన మూడో వారంలో నేనో పొరపాటు చేశాను. గ్రూపులో ఒకావిడ "రిపోర్టు పంపండి, మా ఆయన రిపోర్టుతో పోల్చి చూస్తాను" అని రాస్తే, ఆ మెయిల్ కిందే రిప్లై నొక్కి అన్న ల్యాబ్ రిపోర్టు జతచేసి పంపాను. ఆవిడ ఒక్కరికే వెళ్తుందనుకున్నా. గ్రూపు మొత్తానికి వెళ్లింది. రిపోర్టు పైభాగంలో అన్న పేరు, వయసు, ఫోన్ నంబరు అచ్చై ఉన్నాయి. మెయిల్ చివర నా పేరు కింద నా నంబరు కూడా ఉంది. పది రోజులు కాకముందే అన్నకు ఫోన్లు మొదలయ్యాయి. "క్రియాటినైన్ బాగా పెరిగిందట కదా, మా మందు 40 రోజులు వాడితే డయాలసిస్ అవసరమే ఉండదు" అని ఎవరెవరో మాట్లాడేవాళ్లు. రెండో ఫోన్ పెట్టేశాక అన్న నా మొహం చూసి, "నా ముచ్చట వీళ్లకెట్ల ఎరుక చెల్లె?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు.

ఆ తర్వాత కూర్చుని ఒక్కొక్కటీ నేర్చుకున్నవే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ గ్రూపు జబ్బు గురించి కాకపోవచ్చు. మిద్దె తోటల గ్రూపైనా, పాత విద్యార్థుల గ్రూపైనా, కాకతీయుల శాసనాల గురించి మాట్లాడుకునే గ్రూపైనా చూసుకోవాల్సినవి ఇవే.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

ఈమెయిల్ గ్రూపు అంటే ఒక ఉమ్మడి చిరునామా. దానికి ఒక మెయిల్ పంపితే, సభ్యులు 40 మంది ఉంటే 40 మందికీ, 4,000 మంది ఉంటే 4,000 మందికీ చేరుతుంది. ప్రతి ఒక్కరి ఇన్‌బాక్సులో ఒక కాపీ పడుతుంది. చాలా గ్రూపుల్లో ఇంకో కాపీ గ్రూపు వెబ్ పేజీలో, ఆర్కైవ్‌లో, అంటే పాత మెయిళ్లన్నీ దాచే చోట, తేదీతో సహా నిలిచిపోతుంది. మామూలుగా వచ్చే ఏడాది చేరే మనిషి కూడా అక్కడికి వెళ్లి మీరు ఇవాళ రాసింది చదువుకోవచ్చు. వాట్సాప్‌లో తప్పు పంపితే అందరికీ డిలీట్ చేయడం మనకు అలవాటు. మెయిల్‌లో ఆ వీలు లేదు. జీమెయిల్‌లో "అన్‌డూ సెండ్" అని ఒకటి ఉంది, దానికి మామూలుగా ఇచ్చే గడువు 5 సెకన్లు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని 30 సెకన్లు చేసుకోండి. అంతకంటే ఎక్కువ దొరకదు. ఈ ఒక్క పని ఇప్పుడే చేసేసి మిగతాది చదవండి.

ఆర్కైవ్‌లో మన మాటలు ఎంతకాలం ఉంటాయి? 1990లలో విదేశాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లు ఎస్.సి.ఐ.టి. అనే న్యూస్‌గ్రూపులో, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా రాసి చదువుకోగల చర్చావేదికలో, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో ఆర్.టి.ఎస్. పద్ధతిలో టైపు చేసుకుంటూ ముచ్చట్లు పెట్టుకున్నారు. అలాంటి న్యూస్‌గ్రూపుల పాత ఉత్తరాలు దాచిన డేజా న్యూస్ నిల్వను 2001లో గూగుల్ కొనుక్కుంది. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ ద్వారా వాటిలో కొత్తగా రాయడం ఆగిపోయింది గానీ, పాతవి చదవడానికి అలాగే ఉంచారు. ఇరవై ఏళ్ల వయసులో కాలేజీ మెయిల్ నుంచి ఆవేశంగా రాసిన మాటలు, రాసినవాళ్లకు మనవలు పుట్టే వయసులో కూడా వెతికితే దొరుకుతాయన్నమాట. యాహూ గ్రూప్స్ సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. పాత మెసేజీలు, ఫైళ్లు తీసేస్తామని 2019లో చెప్పి, 2020 డిసెంబరు 15న మొత్తానికే మూసేశారు. దాచుకోవాలనుకున్నవాళ్లు కూడా చాలామంది పోగొట్టుకున్నారు. ఉంచడమైనా తీసేయడమైనా మన ఇష్టప్రకారం జరగదని తెలిసే అందులో అడుగు పెట్టాలి.

మొదటి పని: చేరకుండానే లోపలికి తొంగి చూడండి

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. అందులో మీరు ఏ అకౌంటుతోనూ లాగిన్ అయి ఉండరు. గ్రూపు పేజీ లింకు అక్కడ పెట్టండి. సభ్యులు రాసుకున్న మెయిళ్లు కనిపించాయంటే, రేపు మీవి కూడా ప్రపంచంలో ఎవరికైనా అలాగే కనిపిస్తాయి. కనిపించకపోతే మీ అకౌంటుతో లాగిన్ అయి, చేరకుండా, మళ్లీ చూడండి. అప్పుడు కనిపిస్తే ఈమెయిల్ ఐడీ ఉన్న ఎవరైనా చదవగలరని అర్థం. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆ గ్రూపులో ఎవరో రాసిన ఒక వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. ఫలితాల్లో వస్తే ఆ గ్రూపు సెర్చ్ ఇంజన్లకు ఎక్కిందన్నమాట.

ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. గూగుల్ గ్రూప్స్‌లో గ్రూపు నడిపేవాళ్లు నాలుగు సంగతులు విడివిడిగా నిర్ణయిస్తారు: ఎవరు చేరవచ్చు, ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు, సభ్యుల జాబితా ఎవరికి కనిపించాలి. చేరడానికి అనుమతి అడిగారు కదా, అంటే లోపలి మాట బయటకు పోదు అని మనం అనుకుంటాం. అలా ఏం లేదు. చేరడానికి అనుమతి కావాలి, చదవడానికి మాత్రం అక్కర్లేదు అనే గ్రూపులు కూడా ఉంటాయి. గేటు దగ్గర మనిషిని నిలబెట్టి ఒక్కొక్కరినీ చూసి పంపుతారు, లోపల మాట్లాడేది మాత్రం మైకులో చౌరస్తా దాకా వినిపిస్తుంది. కాబట్టి ఈ నాలుగూ వేర్వేరుగా తెలుసుకోవాలి.

పేజీలో తెలియకపోతే గ్రూపు నడిపేవాళ్లకే రాయండి. నేనిప్పుడు ప్రతి గ్రూపుకూ పంపేది ఇదే: "నమస్కారమండి. మీ గ్రూపులో చేరాలనుకుంటున్నాను. ఇక్కడ రాసే మెయిళ్లు సభ్యులకు మాత్రమే కనిపిస్తాయా, బయటివాళ్లు కూడా చదవగలరా? సభ్యుల ఈమెయిల్ జాబితా ఎవరికి కనిపిస్తుంది? నేను తర్వాత వెళ్లిపోతే నా పాత మెయిళ్లు తీసేయించుకోవచ్చా?" దీనికి వచ్చే జవాబును బట్టి గ్రూపు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. విసుక్కున్నవాళ్ల దగ్గర ఇంటి సంగతులు రాయడం నాకు ఇష్టం ఉండదు.

రెండో పని: దీనికోసం వేరే ఈమెయిల్ ఐడీ

బ్యాంకుకు, గ్యాస్‌కు, పిల్లల స్కూలుకు ఇచ్చిన ఐడీతో గ్రూపులో చేరకండి. గ్రూపులకోసమే ఒకటి కొత్తగా తెరవండి. వెబ్ పేజీలో మీ చిరునామాలో కొంత భాగాన్ని చుక్కలతో కప్పి చూపించినా, మీ మెయిల్ అందుకున్న ప్రతి సభ్యుడికీ అది పూర్తిగా కనిపిస్తుంది. ఐడీ తెరిచేటప్పుడు కంపెనీ ఫోన్ నంబరు అడగవచ్చు. అది గ్రూపు సభ్యులకు కనిపించదు, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. కనిపించేది ఐడీ పక్కన ఉండే పేరు, ప్రొఫైల్ ఫోటో. ఐడీలో పుట్టిన సంవత్సరం, ఊరు పెట్టే అలవాటు మనకు బాగా ఉంది, దాన్ని మానుకోండి. ఫోటో బదులు ఒక పువ్వు బొమ్మ చాలు.

ఆఫీసు మెయిల్, కాలేజీ మెయిల్ అసలే వద్దు. అవి నడిపేది మనం కాదు. ఉద్యోగం మారితే, చదువు అయిపోతే ఆ ఐడీ ఉంటుందో పోతుందో తెలియదు. ఐడీ పోతే గ్రూపులోంచి బయటికి రావడం కూడా కష్టమవుతుంది.

జీమెయిల్‌లో ఇంకో ఉపాయం ఉంది. మీ ఐడీ తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. ప్లస్ తర్వాత "తోట" అని చేర్చి ఒక గ్రూపుకు ఇచ్చారనుకోండి. రేపు అదే చిరునామాకు ఎవరో లోన్ ఆఫర్ పంపితే ఎక్కడినుంచి బయటపడిందో మీకు తెలుస్తుంది. అయితే ఇది మిమ్మల్ని దాచదు. ప్లస్ నుంచి ఉన్నది కొట్టేస్తే అసలు ఐడీ ఎవరికైనా దొరుకుతుంది. కొన్ని చోట్ల ప్లస్ గుర్తును ఒప్పుకోరు కూడా. కొత్త ఐడీయే మేలు.

అసలు పేరు పెట్టాలా వద్దా అన్నది గ్రూపును బట్టి ఉంటుంది. లాయర్లు, టీచర్లు, ఒకే కాలేజీ బ్యాచ్ వాళ్లు ఉండే గ్రూపులో అసలు పేరే మర్యాద. జబ్బులు, కుటుంబ గొడవలు, అప్పులు, చదువులో ఒత్తిడి గురించి మాట్లాడుకునే గ్రూపులో ఇంటిపేరు లేకుండా సగం పేరు పెట్టుకుంటే తప్పేం లేదు. గ్రూపు నడిపేవాళ్లకు మాత్రం అసలు సంగతి విడిగా చెప్పండి, చాలామంది అర్థం చేసుకుంటారు. ఇంకో మనిషి పేరు, ఫోటో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు.

మూడో పని: చేరడానికి అడిగే ప్రశ్నలకు జవాబులు

"ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అని చాలా గ్రూపులు అడుగుతాయి. సరుకు అమ్ముకునేవాళ్లనూ, యంత్రాలతో నడిచే దొంగ ఐడీలనూ ఆపడానికి అడుగుతారు తప్ప మన చరిత్ర కోసం కాదు. రెండు వాక్యాలు చాలు: "మా ఇంట్లో ఒకరికి డయాలసిస్ నడుస్తోంది. తిండి, జాగ్రత్తల గురించి తెలుసుకోవడానికి చేరుతున్నాను." ఈ జవాబు మామూలుగా గ్రూపు నడిపేవాళ్లకే కనిపిస్తుంది. అయినా అందరూ చదివినా పర్వాలేదు అన్నట్టే రాయండి.

ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా ఏ ఈమెయిల్ గ్రూపుకూ అవసరం ఉండదు. అడిగితే ఎందుకో అడగండి, సరైన జవాబు రాకపోతే వదిలేయండి. పాత విద్యార్థుల సంఘం లాంటిదైతే ఏ బ్యాచో, ఏ బ్రాంచో అడగడం న్యాయమే. సంఘానికి చందా కూడా ఉండవచ్చు. కానీ ఆ చందా రసీదు ఇచ్చే సంఘానికి, దాని పద్ధతిలో కట్టాలి. "గ్రూపులో చేర్చుకోవాలంటే ఈ నంబరుకు యూపీఐ చేయండి" అనే మెయిల్‌కు కాదు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంటే అది గ్రూపే కాదు.

అడిగాక ధ్రువీకరణ మెయిల్ ఒకటి రావచ్చు. కనిపించకపోతే స్పామ్ ఫోల్డర్‌లో చూడండి. మీరు అడగకుండానే అలాంటి మెయిల్ వస్తే ఏమీ నొక్కకుండా వదిలేయండి, ఎవరో మీ ఐడీ టైపు చేశారని అర్థం. మెయిల్‌మ్యాన్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీద నడిచే గ్రూపులు కొన్ని పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి. దాని పాత వెర్షన్ ఆ పాస్‌వర్డ్‌ను నెలకోసారి మెయిల్‌లో అక్షరాలా రాసి గుర్తుచేసేది. అందుకని వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి.

మొదటి మెయిల్‌ను కొన్ని గ్రూపుల్లో ఆపి, నడిపేవాళ్లు చూశాకే వదులుతారు. కనిపించలేదని అదే మెయిల్ మూడుసార్లు పంపకండి.

నాలుగో పని: మొదటి మెయిల్ రాయకముందు మార్చాల్సినవి

అన్నిటికంటే ముందు సంతకం. జీమెయిల్‌లో కంప్యూటర్‌కు ఒక సంతకం, ఫోన్ యాప్‌కు ఇంకో సంతకం ఉంటాయి. నేను కంప్యూటర్‌లోది తీసేసి ధీమాగా ఉన్నాను. ఫోన్ నుంచి రాసినప్పుడల్లా నా పేరు, నంబరు వెళ్తూనే ఉన్నాయి. రెండూ చూడండి. చూశాక మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని చివరిదాకా చదవండి.

తర్వాత, ఊరెళ్లినప్పుడు పెట్టుకునే ఆటోమేటిక్ జవాబు. "ఈ నెల 20 దాకా ఊళ్లో ఉండం" అన్న సమాచారం ముక్కూమొహం తెలియని వాళ్లకు వెళ్లకూడదు. జీమెయిల్‌లో అది మన కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకు మాత్రమే వెళ్లేలా పెట్టుకోవచ్చు.

మూడోది, రోజుకు ఎన్ని మెయిళ్లు రావాలో ఎంచుకోవడం. గూగుల్ గ్రూప్స్‌లో ప్రతి మెయిల్ విడిగా, లేదా 25 దాకా కలిపి ఒకటిగా, లేదా రోజుకో సారాంశంగా, లేదా అసలు మెయిళ్లు లేకుండా వెబ్ పేజీలోనే చదివేలా పెట్టుకోవచ్చు. ఇది గోప్యతకు సంబంధం లేనిదిగా అనిపిస్తుంది గానీ ఉంది. ఇన్‌బాక్స్ నిండిపోయి విసుగొచ్చినప్పుడే చూడకుండా రిప్లై కొడతాం.

ఇప్పుడు రిప్లై గురించి, నా తల నొప్పంతా ఇక్కడే మొదలైంది కాబట్టి. రిప్లై నొక్కితే అది గ్రూపుకు వెళ్లాలా, రాసిన మనిషికి వెళ్లాలా అన్నది గ్రూపు నడిపేవాళ్లు పెట్టిన సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. ఒక గ్రూపులో ఒకలా, ఇంకో గ్రూపులో ఇంకోలా ఉంటుంది. కాబట్టి పంపేముందు పైన "టు" దగ్గర నొక్కి అక్కడున్న చిరునామా పూర్తిగా చదవండి. ఒక్కరికే పంపాల్సింది అయితే రిప్లై నొక్కనే నొక్కకండి, కొత్త మెయిల్ తెరిచి వాళ్ల చిరునామా టైపు చేయండి. అర నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

అలాగే, రిప్లై రాసేటప్పుడు కింద మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటిని నొక్కి చూడండి. అంతకుముందు నడిచిన సంభాషణ మొత్తం అక్కడ ముడుచుకుని ఉంటుంది. మీరు ఒకరితో విడిగా మాట్లాడుకున్న నాలుగు మెయిళ్ల చివర గ్రూపు చిరునామా చేర్చారంటే, ఆ నాలుగూ గ్రూపుకు పోతాయి. అవతలి మనిషి నమ్మి మీ ఒక్కరికే చెప్పిన మాట కూడా పోతుంది.

నెట్ సెంటర్‌లోనో, జిరాక్స్ షాపులోనో కూర్చుని రాసేవాళ్లు ఇన్‌కాగ్నిటో విండోలోనే లాగిన్ అవ్వండి, లేచేముందు సైన్ అవుట్ చేయండి, డౌన్‌లోడ్ చేసిన రిపోర్టులను తుడిచేయండి. మర్చిపోయి ఇంటికి వచ్చేస్తే, ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో మీరు లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది, అక్కడినుంచే ఆ కంప్యూటర్‌ను సైన్ అవుట్ చేయవచ్చు.

ఐదో పని: రాసేటప్పుడు మనిషి ఆనవాళ్లు పట్టకుండా రాయడం

ఇది అన్నిటికంటే కష్టం, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. పేరు రాయలేదు కదా అని ధైర్యంగా ఉంటాం. మన దగ్గర మనిషిని పట్టడానికి పేరు అక్కర్లేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న పెద్దమ్మ కూడా "ఏ ఊరు బిడ్డా, ఎవరింటోళ్లు?" అని మొదలుపెట్టి, పర్కాల చేరేలోపు చుట్టరికం తేలుస్తుంది. అలాంటి చోట "కాజీపేటలో ఉంటాం, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఇద్దరు ఆడపిల్లలు, పెద్దల్లుడు దుబాయ్‌లో" అని రాస్తే ఇక పేరు రాయకపోయినా ఒకటే. చదివినవాళ్లలో ఒక్కరు వరంగల్ వాళ్లున్నా చాలు. రెండో ఆడపిల్ల పెళ్లి సంబంధం నడుస్తున్న ఇంట్లో తండ్రి జబ్బు సంగతి ఎవరి ద్వారా, ఎప్పుడు తెలియాలో ఆ ఇంటివాళ్లే నిర్ణయించుకోవాలి.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఊరు, పని, కుటుంబం, ఆసుపత్రి, రోజూవారీ వేళలు అని ఐదు ఆనవాళ్లు అనుకున్నాను. ఒక గ్రూపులో వాటిలో ఒక్కటే బయటపెడతాను. ఒక మెయిల్‌లో కాదు, గ్రూపు మొత్తంలో. ఎందుకంటే ఆర్కైవ్‌లో మీ పేరు మీద వెతికితే రెండేళ్లలో మీరు రాసినవన్నీ ఒక వరుసలో వస్తాయి. మార్చిలో ఊరు, జులైలో ఉద్యోగం, దసరాకు పిల్లల సంగతి రాస్తే, కలిపి చదివేవాళ్లకు అన్నీ ఒకేసారి చెప్పినట్టే.

ఉదాహరణకు, "మా అన్నకు మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం డయాలసిస్, వదిన కూడా వెంట వెళ్తుంది" అని రాస్తే ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పినట్టు. "మా ఇంట్లో 50 దాటిన మనిషికి వారానికి 3 సార్లు డయాలసిస్, అయ్యాక కాళ్లు పట్టేస్తున్నాయి, మీకెవరికైనా ఇలా అయిందా?" అని రాస్తే అడగాల్సింది అడిగినట్టే, ఇంటి తాళం మన దగ్గరే ఉన్నట్టు.

రిపోర్టు పంపాల్సి వస్తే ఫోటో తీసి పై భాగం పూర్తిగా కత్తిరించండి. పేరు మీద గీత గీస్తే చాలదు, కింద బార్‌కోడ్, పేషెంట్ నంబరు, రాసిన డాక్టర్ పేరు కూడా ఉంటాయి. ఇంకా మంచిది, అంకెలు మాత్రమే టైపు చేయడం. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఫైల్‌లోపల తీసిన చోటు కూడా నమోదై ఉంటుంది, మెయిల్‌కు జతచేసినప్పుడు అది అలాగే వెళ్లగలదు. ఇంట్లో తీసిన ఫోటో అయితే ఇల్లు ఎక్కడుందో చెప్పినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి.

ఇంకొకరి గురించి రాస్తుంటే వాళ్లను అడగండి. నేను అన్నను అడగలేదు. నా మంచి ఉద్దేశం ఆయన నంబరును కాపాడలేదు.

గ్రూపు బయట విడిగా వచ్చే మెయిళ్ల విషయంలోనూ జాగ్రత్త. కిడ్నీ గ్రూపుల్లో "దాత దొరికాడు, అడ్వాన్స్ పంపండి" అని రాసేవాళ్లు తగులుతారు. మన దేశంలో అవయవాలు కొనడం, అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. తెలంగాణలో చనిపోయినవాళ్ల అవయవదానం కోసం ప్రభుత్వ జీవన్‌దాన్ పథకం ఉంది, అవయవం కావాల్సినవాళ్ల పేరు నమోదు చికిత్స చేసే ఆసుపత్రి ద్వారా జరుగుతుంది. నిరాశలో ఉన్న కుటుంబం ఇలాంటి మెయిల్‌ను నమ్మేయడం ఎంత తేలికో నాకు తెలుసు. మా వదిన ఒక రాత్రంతా అలాంటి మెయిల్ పట్టుకుని కూర్చుంది.

అడగకుండా చేర్చేస్తే

గూగుల్ గ్రూప్స్‌లో నడిపేవాళ్లు మిమ్మల్ని నేరుగా చేర్చగలరు. అలా వద్దనుకుంటే గూగుల్ గ్రూప్స్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతిని తీసేయవచ్చు. వాట్సాప్‌లో ప్రైవసీలోకి వెళ్లి, గ్రూపుల దగ్గర "ఎవ్రీవన్" బదులు "మై కాంటాక్ట్స్" పెట్టండి. వాట్సాప్ గ్రూపులో కనిపించేది ఏకంగా ఫోన్ నంబరే కాబట్టి అక్కడ ఇంకా అవసరం.

మీరే గ్రూపు పెడుతుంటే: సభ్యుల జాబితా నడిపేవాళ్లకే కనిపించేలా, మెయిళ్లు సభ్యులే చదివేలా పెట్టండి. రిప్లై రాసిన మనిషికే వెళ్లేలా పెడితే నాలాంటివాళ్లు బతికిపోతారు. పెళ్లి పిలుపుల కోసం సేకరించిన ఐడీలు తెచ్చి గ్రూపులో పోయకండి. గ్రూపు కాకుండా మామూలు మెయిల్‌లో యాభై మందికి ఒకేసారి పంపుతుంటే చిరునామాలు "బీసీసీ"లో పెట్టండి, ఒకరివి ఒకరికి కనిపించవు.

బయటికి రావాలన్నా, పొరపాటు జరిగినా

బయటికి రావడం తేలికే. గ్రూపు నుంచి వచ్చే మెయిల్ అడుగున మామూలుగా అన్‌సబ్‌స్క్రైబ్ చేసే (గ్రూపు నుంచి తప్పుకునే) చిరునామా ఉంటుంది. దానికి ఖాళీ మెయిల్ పంపితే చాలు. అది ఏ ఐడీతో చేరారో ఆ ఐడీ నుంచే పంపాలి. గూగుల్ గ్రూప్స్‌లో గ్రూపు పేజీ నుంచి కూడా వెళ్లిపోవచ్చు. "నన్ను తీసేయండి" అని గ్రూపు మొత్తానికి రాయకండి, అందరికీ మీ ఐడీ ఇంకోసారి చూపించినట్టవుతుంది. వెళ్లిపోయినంత మాత్రాన మీరు రాసినవి పోవు. కాబట్టి ముందు పాత మెయిళ్లు తీసేయండి, తీసేసే వీలు లేకపోతే నడిపేవాళ్లను అడగండి, ఆ తర్వాతే బయటికి రండి.

రాకూడనిది బయటపడితే చేయాల్సిన క్రమం ఇది. వెంటనే గ్రూపు నడిపేవాళ్లకు విడిగా, ఏ తేదీ, ఏ పేరుతో ఉన్న మెయిలో చెప్పి ఆర్కైవ్ నుంచి తీసేయమని రాయండి. తర్వాత సభ్యులకు ఒక్క వాక్యం: "పొరపాటున పంపిన జతపరిచిన ఫైల్ దయచేసి డిలీట్ చేయండి." అందులో మళ్లీ వివరాలు రాయొద్దు, పాత మెయిల్‌ను జోడించొద్దు. గూగుల్ సెర్చ్‌లో మీ ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కనిపిస్తుంటే తీసేయమని గూగుల్‌కు వినతి పెట్టవచ్చు. అది సెర్చ్ ఫలితాల నుంచి మాత్రమే తీస్తుంది, అసలు పేజీ అలాగే ఉంటుంది. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బెదిరింపులు వస్తే మెయిళ్లు తుడిచేయకుండా ఉంచి స్టేషన్‌కు వెళ్లండి.

చట్టం కాపాడుతుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కానీ ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. మనమే బహిరంగంగా పెట్టిన మన సమాచారానికీ వర్తించదు. సాటి సభ్యుడు మన మెయిల్ ఇంకొకరికి ఫార్వర్డ్ చేశాడని, మనం బహిరంగ ఆర్కైవ్‌లో రాసింది ఎవరో ఎత్తుకుపోయారని ఆ చట్టం పట్టుకుని వెళ్లడం కష్టం.

మా విషయంలో గ్రూపు నడిపే ఆవిడ రెండు రోజుల్లో ఆ మెయిల్ తీసేశారు, క్షమాపణ కూడా చెప్పారు, తప్పు నాదైనా. సభ్యుల ఇన్‌బాక్సుల్లోకి వెళ్లిన కాపీలు ఎన్ని మిగిలాయో తెలియదు. అన్న ఇప్పుడు తనే వేరే ఐడీతో ఆ గ్రూపులో ఉన్నాడు, కొత్తగా డయాలసిస్ మొదలైనవాళ్లకు ఓపికగా జవాబులు రాస్తాడు. ఫోన్ నంబరు మాత్రం మార్చుకోలేకపోయాడు, బ్యాంకు, గ్యాస్, ఆసుపత్రి కార్డు అన్నిటికీ అదే. తెలియని నంబరు మోగితే ఇప్పటికీ వదినే ఎత్తుతుంది.